పేరు కుట్టిన దర్జీ

1846 మార్చి 16న అమృత్‌సర్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. జమ్మూ పాలకుడు గులాబ్ సింగ్ 75 లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీ దగ్గర కశ్మీరును కొనుక్కున్నాడు. కంపెనీ పెత్తనాన్ని ఒప్పుకున్నందుకు గుర్తుగా ఏటా ఒక గుర్రం, పన్నెండు ఊలు మేకలు, మూడు జతల కశ్మీరు శాలువాలు పంపాలని అందులో రాసుకున్నారు. ఒక దేశాన్నీ అందులోని మనుషుల్నీ కలిపి అమ్మేసిన దస్తావేజులో శాలువాకు కూడా ఒక వాక్యం దక్కిందంటే, ఆ రోజుల్లో దాని పరపతి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇంచుమించు అదే చలికాలంలో ఇరవై ఏళ్ల ఇంగ్లిష్ కుర్రాడొకడు పారిస్‌లో దిగాడు. జేబులో పెద్దగా డబ్బు లేదు, నోట్లో ఫ్రెంచి ముక్క లేదు. చిన్నాచితకా పనులు చేసి, భాష పట్టుబడ్డాక, రూ రిషెల్యూ వీధిలో ‘గాజ్లాన్’ అనే పేరున్న బట్టల దుకాణంలో కుదురుకున్నాడు. అక్కడ అమ్మేవి మేలిరకం పట్టు, పైన వేసుకునే కోట్లు, కశ్మీరు శాలువాలు. ఆ కుర్రాడు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్. పాతికేళ్లు తిరిగేసరికి ఐరోపా రాణులకు ఏది తొడగాలో అతను నిర్ణయిస్తున్నాడు. ఆ పాతికేళ్లలోనే శాలువా రోజులూ చెల్లిపోయాయి. ఈ రెండు కథలను సాధారణంగా విడివిడిగా చెబుతుంటారు. నిజానికవి ఒకే దుకాణంలో మొదలయ్యాయి.

ఫ్రాన్సుకు మన బట్టల మీద మోజు అప్పటికే పాతది. ఫ్రెంచివాళ్లు 1669లోనే మచిలీపట్నంలో కొఠీ పెట్టారు. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకాలు, కలంకారీలు అక్కడి నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని గోల పుట్టి, 1686లో వాటిని నిషేధించారు. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. అది ఎత్తేశాక నలభై ఏళ్లకు కశ్మీరు వంతు వచ్చింది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర నుంచి తిరిగొచ్చిన సైనికాధికారులు తెచ్చిన శాలువాలు పారిస్‌లో పిచ్చి లేపాయి. నెపోలియన్ భార్య జోసెఫీన్ వాటిని పెట్టెల కొద్దీ పోగేసింది. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు కలిగినింటి పెళ్లికూతురికి కశ్మీరు శాలువా పెట్టడం అక్కడ ఆనవాయితీ అయింది. తల్లి కప్పుకున్నది కూతురికి వచ్చేది. అది బట్టే అయినా నగల లెక్కలో ఉండేది.

వర్త్ పుట్టింది 1825 అక్టోబరు 13న, ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో బోర్న్ అనే చిన్న ఊళ్లో. తండ్రి విలియం వకీలు. వ్యసనాలకు ఆస్తి కరగబెట్టి కుటుంబాన్ని వీధిన పడేశాడు. తల్లి బంధువుల ఇంట పనికి చేరింది. పదకొండో ఏటనో పన్నెండో ఏటనో పిల్లవాణ్ణి ఓ ప్రింటింగ్ ప్రెస్సులో పెట్టారు. అది అతనికి నచ్చలేదు. ఏడాది తిరిగేసరికి లండన్ వెళ్లి, పికడిలీలోని ‘స్వాన్ అండ్ ఎడ్గర్’ బట్టల దుకాణంలో అప్రెంటిస్‌గా చేరాడు. కౌంటరు వెనక థాన్లు విప్పడం, మడతపెట్టడం, లెక్క రాయడం, వచ్చిన ఆడవాళ్లకు ఏ బట్ట నప్పుతుందో నోరు నొప్పి పుట్టేలా చెప్పడం: అతని చదువంతా అదే. తర్వాత కొన్నాళ్లు రాణిగారికి పట్టు సరఫరా చేసే ‘లూయిస్ అండ్ అలెన్‌బీ’లో పనిచేశాడు.

తీరిక దొరికితే నేషనల్ గ్యాలరీకి పోయేవాడు. పాత రాజుల, రాణుల చిత్రపటాల ముందు నిలబడి ముఖాలకన్నా చేతుల కుచ్చులు, మెడ చుట్టూ లేసు, పావడా జారే తీరు చూసేవాడు. ఈ చూపు జీవితాంతం అతనికి అన్నం పెట్టింది. తర్వాతి రోజుల్లో అతని గౌన్లలో పదిహేడో శతాబ్దపు చేతులూ పద్దెనిమిదో శతాబ్దపు మడతలూ కనబడితే, వాటి మూలం ఆ గ్యాలరీ గోడల మీదే ఉండేది.

ఆ కాలపు పారిస్‌లో ఒక గౌను ఎలా తయారయ్యేదో తెలిస్తేగానీ వర్త్ చేసినదేమిటో అర్థం కాదు. గౌను కావలసినావిడ ముందు బట్టల దుకాణానికి వెళ్లి పట్టు కొనాలి. లేసు, రిబ్బన్లు, బొత్తాములు మరో చోట. అవన్నీ మూటగట్టి కుట్టేమనిషికి ఇవ్వాలి. కుట్టేది దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. 1675లో పద్నాలుగో లూయీ ఇచ్చిన అనుమతితో ఆ దేశంలో ఆడ దర్జీలకు ప్రత్యేక సంఘం ఏర్పడింది. కుట్టేమనిషి ఇంటికొచ్చి కొలతలు తీసుకునేది. మోడలేమిటో గిరాకీయే చెప్పేది, ఆమె తలూపేది. చీర ఒక చోట, ఫాల్ మరోచోట కొని, పత్రికలో చూసిన జాకెట్ బొమ్మను వీధి చివరి టైలరు ముందు పెట్టే మనవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అందులో దర్జీ చేతికి విలువ ఉంది, మాటకు లేదు.

గాజ్లాన్‌లో మరీ ఓగస్తీన్ వెర్నే అనే అమ్మాయి పనిచేసేది. కొనడానికి వచ్చినవాళ్లకు శాలువా ఎలా ఉంటుందో భుజాల మీద వేసుకుని చూపించడం ఆమె పని. శాలువా అందం బయటపడాలంటే లోపలి గౌను సాదాగా, కొలతకు అతికినట్టు ఉండాలి. వర్త్ ఆమె కోసం అలాంటి గౌన్లు కుట్టాడు. వచ్చినవాళ్లు శాలువాను వదిలేసి గౌను ఎక్కడిదని అడగడం మొదలెట్టారు. ఈ మలుపు నిజంగా చిత్రమైనది. సరుకు చూపించడానికి వేసుకున్న బట్టే సరుకైపోయింది. దుకాణంలోనే చిన్న కుట్టు విభాగం పెడదామని వర్త్ అడిగితే యజమానులు మొదట ఇష్టపడలేదు. పేరున్న వ్యాపారులు దర్జీ పని చేయడమేమిటని వాళ్ల బాధ. చివరికి దిగొచ్చారు. 1851 లండన్ మహాప్రదర్శనలో గాజ్లాన్ సరుకుకు పతకం వచ్చింది. 1855 పారిస్ ప్రదర్శనలో భుజాల నుంచి జాలువారేలా వర్త్ రూపొందించిన దర్బారు ఉడుపుకు మరో పతకం వచ్చింది. అంతవరకూ ఆ పొడవాటి వెనక కుచ్చెళ్లను నడుముకే తగిలించేవారు. పతకం దుకాణం పేరు మీద వచ్చింది. వర్త్ పేరు ఎక్కడా లేదు.

మరీని 1851లో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు: గస్తోన్, జాన్ ఫిలిప్. 1858 ప్రాంతంలో ఒట్టో బోబర్గ్ అనే స్వీడన్ వ్యాపారితో కలిసి 7, రూ ద లా పేలో సొంత దుకాణం తెరిచాడు. అప్పట్లో ఆ వీధికి ఈనాటి ఆర్భాటం లేదు. దుకాణం పేరు ‘వర్త్ అండ్ బోబర్గ్’. బట్ట వాళ్లదే, కుట్టు వాళ్లదే, మోడలూ వాళ్లదే. అన్నీ ఒకే గుమ్మం లోపల.

ఆ గుమ్మం దాకా గిరాకీని రప్పించే పని మరీ మీద పడింది. 1860లో ఆమె ఓ బొమ్మల పుస్తకం పట్టుకుని ఆస్ట్రియా రాయబారి భార్య, యువరాణి పొలీన్ మెటర్నిహ్ ఇంటికి వెళ్లింది. ఇంగ్లిష్‌వాడు ఆడవాళ్ల గౌన్లు కుట్టడమా అని యువరాణి ముందు నవ్విందట. బొమ్మలు చూశాక నవ్వు ఆగింది. రెండు గౌన్లు పురమాయించింది, ఒక్కోటి 300 ఫ్రాంకులు దాటకూడదన్న షరతు మీద. అందులో ఒకటి వెండి తీగ మెరిసే తెల్లటి గౌను, మీద డెయిజీ పూలు. ట్యూలరీ రాజప్రాసాదంలో జరిగిన నృత్యోత్సవానికి దాన్ని వేసుకెళ్తే, మూడో నెపోలియన్ భార్య యూజినీ కళ్లు దాని మీద పడ్డాయి. ఎవరు కుట్టారని అడిగింది. మర్నాడు పొద్దున్నే రమ్మని కబురు పంపింది. ఆ రోజుతో వర్త్ దశ తిరిగిందనీ, తన ఖర్మ కాలిందనీ పొలీన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. మూడు వందల ఫ్రాంకుల వర్త్ గౌను మళ్లీ ఆమె కంటపడలేదు.

రాజమందిరంలో అడుగుపెట్టాక వర్త్‌కు అర్థమైన సంగతి ఒకటుంది. సామ్రాజ్ఞి గౌను ఒంటి మీది బట్ట మాత్రమే కాదు, పరిశ్రమల శాఖ జీవో లాంటిది. లియోన్ పట్టు నేతగాళ్లు 1831లోనూ 1834లోనూ తిరగబడ్డ చరిత్ర ఉంది. ఆ ఊరు రిపబ్లికన్ల అడ్డా. మగ్గాలు ఆడుతుంటే వీధులు శాంతంగా ఉంటాయని చక్రవర్తికి తెలుసు. యూజినీకి మాత్రం లియోన్ బరువు పట్టు నచ్చేది కాదు. ఒకసారి వర్త్ అలాంటి బ్రొకేడ్ గౌను తెస్తే, ఒంటికి కిటికీ పరదా చుట్టుకున్నట్టుందని వేసుకోనంది. సమయానికి చక్రవర్తి గదిలోకి వచ్చాడు. ఇది వేసుకుంటే లియోన్ సంతోషిస్తుందని వర్త్ మెల్లగా ఆయనతో అన్నాడు. ఆమె వేసుకోక తప్పలేదు. ఈ కథ జాన్ ఫిలిప్ చెప్పింది కాబట్టి తండ్రి తెలివికి కాస్త మెరుగు పెట్టి ఉండొచ్చు. పట్టు అమ్మకాల లెక్కలు, రాజకీయాలు, ఫ్యాషన్ ఒకే గదిలో కూర్చున్నాయన్నది మాత్రం కల్పన కాదు. కౌంటరు వెనక థాన్లు విప్పిన మనిషికి బట్ట మిల్లుల భాష బాగా వచ్చు. లియోన్ వ్యాపారులతో మాట్లాడి తనకు కావలసిన నేత, తనకు కావలసిన పనాలో తనే నేయించుకునేవాడు.

1860లు కలిసొచ్చిన కాలం కూడా. 1856లో ఉక్కు కడ్డీల క్రినోలిన్ వచ్చింది. పంజరం లాంటి ఆ చట్రం మీద పావడా పరవాలంటే గజాల కొద్దీ పట్టు కావాలి. అదే ఏడాది పెర్కిన్ అనే ఇంగ్లిష్ కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాడు. రసాయన రంగుల యుగం మొదలైంది. కుట్టుమిషను అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తోంది. నగరాధికారి హౌస్మన్ పారిస్‌ను పగలగొట్టి వెడల్పు రోడ్లు వేస్తున్నాడు. కొత్తగా డబ్బు చేసుకున్నవాళ్లకు ఆ రోడ్ల మీద కనబడాలన్న తహతహ. రైళ్లు, ఆవిరి ఓడలు అమెరికా ఆడవాళ్లను పారిస్ గుమ్మంలో దించుతున్నాయి. వర్త్ ప్రతిభావంతుడే, సందేహం లేదు. అయితే ముప్పై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఆ ప్రతిభ ఏదో ఒక కొట్టులో థాన్లు మడతపెడుతూ ముగిసి ఉండేది.

అతని దుకాణం పనితీరు చూస్తే కవి కన్నా కర్మాగారం మేనేజరు ఎక్కువ కనిపిస్తాడు. లోపలికి వస్తే ముందు నలుపు, తెలుపు పట్టుల గది. తర్వాత రంగుల పట్టులు, ఆ తర్వాత మఖమల్, ఉన్ని. చివర్లో కిటికీలు మూసి గ్యాస్ దీపాలు వెలిగించిన అద్దాల గది. రాత్రి విందులో ఆ రంగు ఎలా కనబడుతుందో అక్కడే చూసుకోవాలి. బతికున్న అమ్మాయిలే గౌన్లు వేసుకుని నడిచి చూపించేవారు. గాజ్లాన్‌లో మరీ చేసిన పనే ఇప్పుడు పద్ధతి అయింది. పొడవాటి కుట్లు మిషను మీద, చివరి పని చేత్తో. చేతులు, రవిక భాగం, పావడా పలకలు వేర్వేరు నమూనాలుగా పెట్టుకుని ఒకదానితో ఒకటి కలిపి వందల రకాలు పుట్టించేవారు. ఒకే పావడాకు పగటికో రవిక, రాత్రికో రవిక. విదేశీ దుకాణాలకు నమూనా గౌన్లను కాపీ చేసుకునే హక్కుతో సహా అమ్మేవాడు. 1870ల నాటికి అతని దగ్గర పనివాళ్లు సుమారు 1200 మంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గౌను లోపల నడుము పట్టీ మీద ఉండేది: నేసిన అక్షరాల్లో దుకాణం పేరు. చిత్రకారుడు బొమ్మ కింద సంతకం చేసినట్టు దర్జీ తన పేరు కుట్టాడు. తర్వాత్తర్వాత అది అతని చేతిరాత సంతకం అచ్చులోనే నేయించిన పట్టీ అయింది. మోజు ఎంత ముదిరిందంటే దొంగ పట్టీలు కూడా పుట్టాయి. నకిలీ పుట్టిందంటే అసలుకు గిట్టుబాటు ఉందన్నమాటే.

ఫ్యాషన్ పుస్తకాలు అతన్ని ‘హోట్ కుట్యూర్ (మేలిరకం కుట్టుపని) పితామహుడు’ అంటాయి. ఆ బిరుదు కాస్త వదులుగా ఉంది. అతనికన్నా ముందు ఫ్రాన్సు రాణి మరీ ఆంతోనెత్‌కు రోజ్ బెర్తాన్ ఉంది. ఆమె పేరు ఐరోపా అంతా తెలుసు. జోసెఫీన్‌కు లెరువా అనే మగ దర్జీయే ఉన్నాడు. వర్త్ కొత్తగా చేసిందల్లా ఆజ్ఞ ఎటు నుంచి ఎటు వెళ్తుందన్నదాన్ని తిరగేయడం. అంతకుముందు గిరాకీ చెబితే దర్జీ కుట్టేవాడు. ఇప్పుడు వర్త్ చెబితే గిరాకీ కట్టుకుంటుంది. ఈ సీజనుకు ఇది, వచ్చే సీజనుకు మరొకటి. దొరసానులు వేచి ఉండే గదిలో గంటలు కూర్చునేవారు. అతను వెల్వెట్ టోపీ, బొచ్చు అంచు అంగరఖా వేసుకుని రెంబ్రాంట్ బొమ్మలోంచి దిగొచ్చినట్టు తిరిగేవాడు. 1892లో నాదార్ స్టూడియో తీసిన ఫొటోలో ఆ వేషమే కనిపిస్తుంది. వకీలు కొడుకు, కౌంటరు కుర్రాడు చివరికి తనకు తాను కుట్టుకున్న ఉడుపు కళాకారుడిది.

అందరికీ ఇది మింగుడుపడలేదు. చార్లెస్ డికెన్స్ నడిపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ వారపత్రిక 1863లో గడ్డాలున్న మగవాళ్లు గొప్పింటి ఆడవాళ్ల నడుము కొలతలు తీయడమేమిటని ఎకసెక్కమాడింది. ఎమిల్ జోలా ‘లా క్యురే’ నవలలో వోర్మ్స్ అనే పాత్ర పెట్టాడు. సమాధిలో మునిగి గౌను కలగనే దర్జీ, ఎదురుగా అప్పుల్లో మునిగే ఆడవాళ్లు. జోలా వెక్కిరింపు పక్కనబెడితే, వర్త్ దుకాణంలో రాణికీ నటికీ వేశ్యకూ ఒకే తలుపు ఉండేదన్నది నిజం. హంగరీ రాణిగా 1867లో పట్టాభిషేకం చేయించుకున్న ఎలిజబెత్ గౌను కుట్టిన చేతులే కోరా పెర్ల్ లాంటి పేరుమోసిన విలాసవతులకూ కుట్టాయి. డబ్బు కట్టగలిగితే చాలు.

1870 సెప్టెంబరులో సెడాన్ దగ్గర మూడో నెపోలియన్ ప్రష్యావాళ్లకు పట్టుబడ్డాడు. యూజినీ ఓ అమెరికన్ పళ్ల డాక్టరు సాయంతో దొంగచాటుగా ఇంగ్లండ్ పారిపోయింది. వర్త్ దుకాణం గాయపడినవాళ్లకు ఆసుపత్రి అయింది. బోబర్గ్ వాటా తీసుకుని స్వీడన్ వెళ్లిపోయాడు. 1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం కూలుతుండగా ట్యూలరీ ప్రాసాదం తగలబడింది. వర్త్ పని అయిపోయిందనే అనుకున్నారు. ఏడాది లోపే మళ్లీ తెరిచాడు, ఈసారి పట్టీ మీద ఒక్కటే పేరు. రాజదర్బారు పోయినా అమెరికా మిగిలింది. వాండర్‌బిల్ట్‌లు, ఆస్టర్‌లు, మోర్గాన్‌ల లాంటి కోటీశ్వర కుటుంబాలు. న్యూయార్కులో ఎడిసన్ కరెంటు ఇచ్చిన మరుసటి ఏడాది, 1883 మార్చిలో, వాండర్‌బిల్ట్ ఇంటి వేషాల విందుకు ఆలిస్ వాండర్‌బిల్ట్ ‘ఎలక్ట్రిక్ లైట్’ వేషంలో వచ్చింది. పసుపు శాటిన్, బంగారు వెండి తీగలతో మెరుపులు. ఆ గౌను వర్త్‌ది, ఇప్పటికీ న్యూయార్కు నగర మ్యూజియంలో ఉంది. పారిస్ పక్కన సురేన్‌లో వర్త్ కట్టుకున్న భవంతి తోటలో కాలిపోయిన ట్యూలరీ రాళ్లు తెచ్చి పెట్టుకున్నాడు. తన ఒకప్పటి పెద్ద గిరాకీ ఇంటి శిథిలాలను కొనుక్కున్న దర్జీ చరిత్రలో మరొకడు ఉండడు.

శాలువా సంగతి ఇక్కడే చెప్పాలి. 1860ల చివర్లో వర్త్ క్రినోలిన్ ముందు భాగాన్ని చదును చేసి, గుడ్డనంతా వెనక్కి లాగి, నడుము కింద ఎత్తుగా కుచ్చెళ్లు పెట్టాడు. బసెల్ అని పేరు పడ్డ ఈ మోడల్లో అందమంతా వీపు వైపే. క్రినోలిన్ మీద గుడారంలా పరుచుకునే శాలువా దీని మీద నిలవదు. కప్పుకుంటే చూపించాల్సిందంతా మాయమవుతుంది. అలా శాలువా పక్కకు పోయి పొట్టి కోట్లు వచ్చాయి. చాలా ఇళ్లలో పాత శాలువాలను కత్తిరించి కోట్లే కుట్టించుకున్నారు.

అటు శ్రీనగర్‌లో అప్పటికే పరిస్థితి దారుణంగా ఉంది. పారిస్ ఏజెంట్లు అక్కడే మకాం వేసి ఫ్రెంచి అభిరుచికి తగ్గ నమూనాలు నేయించేవారు. కశ్మీరు దర్బారు ఒక్కో నేతగాడి మీద పన్ను వేసి, మగ్గం వదిలి వేరే పనికి పోనివ్వకుండా కట్టడి చేసింది. 1865 ఏప్రిల్ 29న శాలువా నేతగాళ్లు జాల్‌డగర్ దగ్గర గుమిగూడి నిరసన తెలిపితే సైన్యం తరిమింది. 28 మంది చనిపోయారు. వర్త్ దుకాణంలో అద్దాల గది వెలిగిపోతున్న ఏడాదే అది. ఆ తర్వాత ఫ్యాషన్ మారింది, యుద్ధంతో ఫ్రెంచి కొనుగోళ్లు ఆగిపోయాయి, జకార్డు మగ్గాల మీద స్కాట్లండ్ ఊరు పేస్లీ, లియోన్‌ల చవక నకళ్లు పోటెత్తాయి. 1877లో మొదలైన కరువు మిగిలినవాళ్లను ఊడ్చేసింది. శాలువా చావును వర్త్ ఒక్కడి నెత్తిన రుద్దడం అన్యాయం. అయితే శాలువాల కౌంటరులోనే పారిస్ బతుకు మొదలెట్టినవాడి కత్తెర కూడా అందులో ఉందన్నది కాదనలేం. తరతరాలు నిలిచే బట్ట అమ్మడం కన్నా, ఏడాదికే పాతబడిపోయే బట్ట అమ్మితే లాభమని తెలుసుకున్న మొదటి తరం వ్యాపారి అతను. ఈడిత్ వార్టన్ నవల ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్’లో పెద్దింటి ఆడవాళ్లు వర్త్ గౌన్లు ఏటా డజను తెప్పించి, తెచ్చిన వెంటనే వేసుకుంటే అలగా అనిపిస్తుందని టిష్యూ కాగితంలోనే దాచిపెట్టుకుంటారు. పాత అలవాటు అంత తేలిగ్గా చావలేదు.

అతని పనివాళ్ల సంగతి పుస్తకాల్లో తక్కువ. 1200 మందిలో ఎక్కువ భాగం కుట్టే అమ్మాయిలే. విందుల సీజనులో రాత్రింబవళ్లు పని, సీజను అయిపోతే పని లేదు, కూలీ లేదు. పారిస్ కుట్టు కార్మికులందరి బతుకూ అదే. 1868లో కుట్టు వ్యాపారులు సంఘం పెట్టుకున్నారు, గస్తోన్ వర్త్ తర్వాత దానికి అధ్యక్షుడయ్యాడు. అది యజమానుల సంఘం.

వర్త్ 1895 మార్చి 10న న్యుమోనియాతో పోయాడు. అప్పటికే లెక్కలు గస్తోన్, గౌన్లు జాన్ ఫిలిప్ చూస్తున్నారు. కొడుకుల హయాంలో ఈ దుకాణం చేసిన అత్యంత ప్రసిద్ధమైన గౌను ఢిల్లీలో కనబడింది.

1903 జనవరిలో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం పేరిట వైస్రాయి కర్జన్ ఢిల్లీ దర్బారు జరిపాడు. మూడేళ్ల కిందటి కరువు దెబ్బ నుంచి దేశం ఇంకా తేరుకోలేదు. ఈ ఆర్భాటమేమిటన్న విమర్శ అప్పుడే వచ్చింది. హైదరాబాదు నుంచి నిజాం మహబూబ్ అలీ ఖాన్ సహా సంస్థానాధీశులెందరో తరలివచ్చారు. ఎర్రకోటలో జరిగిన నృత్యోత్సవానికి కర్జన్ భార్య మేరీ నెమలి గౌనులో వచ్చింది. ఆమె షికాగో అమ్మాయి, తండ్రి లెవి లైటర్ బట్టల వ్యాపారంలోనే కోట్లు గడించాడు. గౌను నిండా ఒకదాని మీద ఒకటి పరిచిన నెమలి ఈకలు, బంగారు వెండి తీగలతో. ప్రతి ఈక కంటిలో పచ్చగా మెరిసే పురుగు రెక్క. దూరం నుంచి చూసినవాళ్లు పచ్చలు పొదిగారనుకున్నారు. బరువు నాలుగున్నర కిలోల పైమాటే. నెమలి సింహాసనం ఒకప్పుడు ఉన్న కోటలో నెమలి గౌను. ఆమెకు ఆ అర్థం తెలియకపోలేదు.

ఆ గౌను పలకల మీది జర్దోజీ పనంతా ఢిల్లీలో, కిషన్ చంద్ అనే వ్యాపారి కార్ఖానాలో జరిగింది. మన దగ్గర పెళ్లి జాకెట్ల మీద చేసే మగ్గం వర్క్‌కు అది పెద్దన్న: చట్రానికి బట్ట బిగించి, పై నుంచి సూది, కింద నుంచి దారం. పూర్తయిన పలకలు ఓడలో పారిస్ వెళ్లాయి. అక్కడ జాన్ ఫిలిప్ వాటిని కత్తిరించి, ఒంటికి కుదిర్చి, అంచున తెల్లటి షిఫాన్ గులాబీలు పెట్టాడు. గౌను తిరిగి ఢిల్లీ చేరింది. అదే దర్బారులో భారతీయ హస్తకళల ప్రదర్శన పెట్టి, విదేశీ సరుకు రానివ్వకూడదని కర్జన్ పట్టుబట్టాడు. ఆయన భార్య గౌను లోపల ఉన్న పట్టీ మాత్రం పారిస్‌ది.

అంతకు కాస్త ముందే రూ ద లా పే దుకాణంలో పాల్ ప్వారె అనే కుర్రాడు పనికి కుదిరాడు. మా దగ్గర ఖరీదైన వంటకాలున్నాయి, పక్కన వేయించిన బంగాళాదుంపలు కూడా కావాలి, నువ్వు అవి చెయ్యమని గస్తోన్ చెప్పాడట. అతను చేసిన కిమోనో కోటు చూసి ఓ రష్యన్ యువరాణి మండిపడింది. ప్వారె బయటికొచ్చి సొంత దుకాణం పెట్టుకున్నాడు. నడుము బిగించే కార్సెట్‌కు సెలవిచ్చి, పదేళ్లలో వర్త్‌ల కాలాన్ని వెనక్కి నెట్టేశాడు. అదీ వర్త్ నేర్పిన సూత్రమే: నిన్నటిది పాతది. వర్త్ కుటుంబం మునిమనవల దాకా దుకాణం నడిపింది. 1932లో వచ్చిన ‘జ రెవియాన్’ సెంటు పేరు తెచ్చింది. కుట్టు దుకాణం ‘పాకాన్’ సంస్థలో కలిసి 1956లో మూతపడింది.

నెమలి గౌను ఇప్పుడు ఇంగ్లండ్‌లో డార్బీషైర్‌లోని కెడెల్‌స్టన్ హాల్‌లో, కర్జన్ కుటుంబపు భవనంలో ఉంది. నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్న ఆ ఇంటికి ఎవరైనా వెళ్లొచ్చు. అటు వైపు ఉంటున్న తెలుగువాళ్లు ఒక పూట వీలు చేసుకుని వెళ్లండి. గౌను ప్రదర్శనలో ఉందో లేదో ముందే కనుక్కోండి. మగ్గం వర్క్ తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆ తీగ ఎలా వేశారో, ఏ చోట చెయ్యి మారిందో వాళ్లు చెప్పగలరు.